మెషీన్ రూమ్ లెక్క

బావ ఉద్యోగం ఊడబోతోందని తెలిసిన పూట చిట్టికి ఆకలి బాగా వేసింది. ఆఫీసులో మిగతావాళ్ళు భోజనం డబ్బాలు ముందు పెట్టుకుని, ముందురోజు జరిగిన ప్రమాదం గురించి గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. చిట్టి తన డబ్బా ఖాళీ చేసి, పక్క సీటావిడ వద్దనుకున్న పెరుగు కూడా లాగించి, చేతులు కడుక్కొచ్చి స్క్రీను ముందు కూర్చుంది. ముప్ఫై దాటిన మనిషి. ఇంట్లోని ముద్దుపేరును ఆఫీసులోకి మోసుకొచ్చింది బావే. పదిమందిలో "ఏమే చిట్టీ" అని పిలిచి అందరికీ అంటించాడు. ఆయన మీద ఆమెకున్న కోపాల్లో అది చాలా చిన్నది.

పెద్దది ఇంకొకటుంది. ఈ లిఫ్టుల కంపెనీలో ఆమెను చేర్పించింది ఆయనే. అక్క మొగుడు, కంపెనీలో అందరికంటే పాత మెకానిక్. "ఉద్యోగం నేనిప్పించాను" అన్న మాట ఆయన నాలుక చివరే ఉంటుంది. చిట్టి కొత్త చెప్పులు కొనుక్కుంటే ఆ మాట. జ్వరమొచ్చి సెలవు పెడితే ఆ మాట. ఒకే ఇంట్లో కింది వాటాలో అక్కాబావా, మేడమీది గదిలో చిట్టి కాబట్టి, ఆఫీసులో ఒకసారి విన్నది ఇంటికొచ్చాక మళ్ళీ వినాల్సి వచ్చేది.

ప్రమాదం ఒక ఆరంతస్తుల బిల్డింగులో జరిగింది. అక్కడ లిఫ్టులు రెండు. మూడో అంతస్తులో బట్టలు కుట్టే టైలరమ్మ ఒక్కతే ఎక్కింది. తన అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, ఒక కాలు బయటపెట్టింది. అంతలో లిఫ్టు ఆగినచోట ఆగకుండా పైకి జారింది. లోపల ఒక్క మనిషే ఉంటే తాడు అవతలి కొసన వేలాడే ఎదురుబరువుదే పైచేయి. బ్రేకు పట్టు తప్పితే లిఫ్టు పైకే పోతుంది. ఆమె కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. కుట్టుమిషను తొక్కే కాలు అదే.

"ఆ లిఫ్టు పుట్టుపూర్వోత్తరాలన్నీ నా బల్లమీదుండాలి" అన్నాడు మేనేజర్. "రేపు లైసెన్సు ఆఫీసర్ వస్తున్నాడు."

చిట్టి పనే అది. కంపెనీ డేటాబేసులో కలెక్షన్లు, అంటే పట్టికలు, మూడు. బిల్డింగులు ఒకచోట, లిఫ్టులు ఒకచోట, మెకానిక్‌లు పంపే రిపోర్టులు ఒకచోట. ఒకదాని ముఖం ఒకటి ఎరగదు. ప్రతి లిఫ్టుకూ ఒక నంబరుంటుంది. ఆ నంబరు రిపోర్టులో కూడా ఉంటేనే ఇది ఫలానా లిఫ్టు సంగతి అని తెలిసి, అడిగినప్పుడు రెండూ కలిసి వస్తాయి. మెకానిక్‌ల రిపోర్టుల్లో ఆ నంబరు ఉండేది కాదు. బిల్డింగు పేరు, పక్కన ఎడమ అనో కుడి అనో ఒక ముక్క, అంతే. నంబరు చూసి రాయండని చిట్టి మొదట్లో ఒక గడి పెట్టింది. గ్రీజు చేతులతో అంకెలు నొక్కుతూ కూర్చోమని మెకానిక్‌లందరూ గోల చేశారు. గోలకు పెద్ద బావ. సరేనని ఫోన్లో ఎడమ, కుడి అని రెండు మీటలు మాత్రం ఉంచి, జత కలిపే పని చిట్టి తన నెత్తిన వేసుకుంది. ప్రతి బిల్డింగులోనూ కింద గుమ్మం దగ్గర తీసిన ఫొటో చూసుకుని, ఎడమచేతి వైపు లిఫ్టు నంబరు ఏది, కుడిచేతి వైపుది ఏది అని గుర్తించి, ఒక్క కమాండుతో వేల రిపోర్టులను వాటి వాటి లిఫ్టులకు అంటగట్టింది. ఆ రోజు మేనేజర్ అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. బావ మాత్రం చేతులు జేబుల్లోంచి తీయలేదు.

ఇప్పుడు జారిన లిఫ్టు అరవై రెండు. గుమ్మంలోంచి చూస్తే కుడివైపుది. చిట్టి ఆ నంబరు కొట్టింది. దాని రిపోర్టులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. బ్రేకు గురించి ఒక్క ఫిర్యాదు లేదు. కిందటి నెల తనిఖీలో "బాగుంది" అని ఉంది, చేసినవారు బావ. పక్కనున్న అరవై ఒకటి కూడా తీసి చూసింది. దాని బ్రేకు అరిగిందని బావే మూడుసార్లు రాశాడు. విడిభాగాల టీమ్ వెళ్ళి దానికి కొత్త బ్రేకు వేసి వచ్చింది. అంటే ఒకదాన్ని పట్టుబట్టి బాగు చేయించాడు, పాడైన రెండోదాన్ని చూడకుండా సంతకం పెట్టేశాడు. చిట్టి కాగితాలు ప్రింటు తీసి, అంచులు సమంగా తట్టి, పిన్ను కొట్టింది. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

మేనేజర్ గదిలోకి బావను పిలిపించారు. కాగితాలు తెచ్చిన మనిషి కాబట్టి చిట్టి గోడవారగా నిలబడింది.

"అరవై రెండు మీద నువ్వు ఒక్క ఫిర్యాదు రాయలేదు" అన్నాడు మేనేజర్.

"మూడుసార్లు రాశాను."

"అది అరవై ఒకటి గురించి."

"జారినదాని గురించే రాశానయ్యా. బ్రేకు మార్చామని నా ఫోన్లోనే వచ్చింది కదా. మార్చలేదా?"

"మార్చారు. పక్కదానికి. నువ్వు రాసింది పక్కదానికి కాబట్టి."

"నేను రాసింది దీనికే అంటుంటే."

"స్క్రీను అబద్ధం చెబుతుందా?"

బావ అప్పుడు చిట్టివైపు తిరిగాడు. "స్క్రీను చెప్పదు. చెప్పించేవాళ్ళు చెప్పిస్తారు. ఉద్యోగం ఇప్పించిన చేతిని కరవాలనిపిస్తే ఇంట్లోనే కరవకపోయావా? ఇంతమందిలో ఎందుకు?"

"ఇక్కడ ఇంటి సంగతులు ఎందుకు బావగారూ" అంది చిట్టి. "కిందటి నెల తనిఖీ చేశారు కదా. బ్రేకు మూత తెరిచి చూశారా, లేదా?"

బావ మేనేజర్‌వైపు తిరిగి, మూడుసార్లు రాశానన్న మాటే మళ్ళీ అన్నాడు. ఆ గదిలో ఎవరైనా ఒక్కసారి ఎడమ అనో కుడి అనో అని ఉంటే సంగతి అక్కడే తేలిపోయేది. నంబర్లు పట్టుకుని అరుచుకున్నారు. చివరికి బావ గుర్తింపు కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పడేసి బయటికి నడిచాడు. రేపు ఆఫీసర్ సంతకం పడితే బావ మెకానిక్ లైసెన్సు పోతుంది, టైలరమ్మ వాళ్ళు పెట్టబోయే కేసు ఆయన నెత్తిన పడుతుంది. ఇంకెక్కడా లిఫ్టు మీద చెయ్యి వేయనివ్వరు.

ఆ సాయంత్రం అక్క మేడమీదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నం ముట్టలేదే ఆయన" అంది.

"నన్నేం చేయమంటావక్కా? ఉన్నది ఉన్నట్టు తీసిచ్చాను."

"ఉన్నది ఉన్నట్టు ఎవరైనా తీసిస్తారు. నువ్వు సంతోషంగా తీసిచ్చావట. ఆయన చెప్పారు."

"ఆయనకేం తెలుసు?"

"నీ ముఖం నాకు తెలియదా" అని అక్క మెట్లు దిగిపోయింది. చిట్టి తలుపు గడియ గట్టిగానే వేసుకుంది. తప్పు చేసినవాడు కింద దర్జాగా అలిగి పడుకుంటే, సంజాయిషీ తను చెప్పుకోవాలా అని పళ్ళు నూరుకుంది.

తెల్లవారి ఆఫీసర్ సాయంత్రం వస్తానని కబురు పెట్టాడు. ఫైల్లోకి అరవై రెండో నంబరు మెషీను ఫొటో కావాలని మేనేజర్ చిట్టిని ఆ బిల్డింగుకు పంపాడు. గుమ్మంలో కుడివైపు లిఫ్టుకు అడ్డంగా టేపు కట్టి ఉంది. ఎడమవైపుది కూడా ఆపేశారు. మెట్లు లిఫ్టుల వెనక ఉన్నాయి. చిట్టి రొప్పుతూ పైదాకా ఎక్కేసరికి మెషీన్ రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బావ నేలమీద గొంతుక్కూర్చుని పానాలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచిలో వేసుకుంటున్నాడు. తాళం కింది వాచ్‌మన్ దగ్గరుంటుంది. ఈయన ఉద్యోగం సంగతి వాచ్‌మన్‌కు ఇంకా తెలియదు.

"రండి కంప్యూటరమ్మగారూ" అన్నాడు తల ఎత్తకుండా. "చూసుకుని అడుగు వేయండి. గ్రీజు అంటితే కొత్త చెప్పులు పాడైపోతాయి."

"ఆఫీసు పనిమీద వచ్చాను. మీతో పోట్లాడటానికి రాలేదు."

"అది నిన్ననే అయిపోయిందిగా."

చిట్టి ఫోను తీసి కుడివైపు మెషీను దగ్గరికి వెళ్ళింది. కప్పీ మీంచి తాళ్ళు నేలలోని కంతలోకి దిగుతున్నాయి. పక్కన బ్రేకు డబ్బా, దాని మూత కొత్తగా మెరుస్తోంది.

"దాన్నెందుకు తీస్తున్నావు?" అన్నాడు బావ. "జారింది అది కాదు. ఎడమది."

"జారింది కుడిది. కింద టేపు కట్టి ఉంటే చూసే వచ్చాను."

"కింద సంగతి ఎవడికి కావాలి? మెషీన్లు ఇక్కడున్నాయి. ఎడమది జారిందంటే ఎడమది జారింది."

చిట్టికి తిక్క రేగింది. ఈయన మొండితనం ఒకసారి రుజువుగా ఫొటోలోకి ఎక్కిద్దామని, ఎడమవైపు మెషీను కాలి దగ్గరున్న రేకు మీద జిడ్డును బావ సంచిమీది గుడ్డతోనే తుడిచింది. అంకెలు బయటపడ్డాయి. అరవై రెండు.

గుడ్డ చేతిలోనే పట్టుకుని లేచి నిలబడింది. ఎదురుగా చిన్న కిటికీ, కిటికీలో వీధి. కింద గుమ్మంలోంచి వచ్చేటప్పుడు వీధి వీపు వెనక ఉంటుంది. మెట్లు వెనకనుంచి ఎక్కి ఈ గదిలోకి వస్తే వీధి ముఖానికి ఎదురుగా ఉంటుంది. అక్కడ కుడిచేతికి ఉన్నది ఇక్కడ ఎడమచేతికి వస్తుంది.

"మీరంతా ఇలాగే అంటారా?" అంది.

"ఎలా?"

"ఎడమ, కుడి. ఇక్కడ నిలబడేనా లెక్క?"

"మరి ఎక్కడ నిలబడి? నేను పని నేర్చుకున్నప్పటినుంచీ మెషీన్ రూమ్ లెక్కే. కింద గుమ్మంలో నిలబడి మాట్లాడినా ఇదే లెక్క."

"ఫోన్లో మీట నొక్కేటప్పుడు కూడా?"

"మీటకని వేరే చేతులు తెచ్చుకుంటామా?"

బావ మూడుసార్లు ఎడమ అని నొక్కాడు. తన కమాండు ఆ మూడింటినీ గుమ్మం లెక్కన అరవై ఒకటికి అంటగట్టింది. విడిభాగాల వాళ్ళు స్క్రీను చెప్పిన నంబరుకు వెళ్ళి, బాగున్న బ్రేకు ఊడదీసి కొత్తది వేశారు. అరిగిన బ్రేకుతో అరవై రెండు తిరుగుతూనే ఉంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. టైలరమ్మ కాలు మాత్రం విరిగింది.

"ఏమైంది, ఫొటో రాలేదా?" అన్నాడు బావ ఎత్తిపొడుపుగా. చిట్టి గుడ్డను సంచి మీద పడేసి మెట్లు దిగింది. ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ నిజంకంటే, ఆ నిజం చెప్పాక ఆయన ముఖంలో కనిపించబోయే తృప్తి ఆమెకు ఎక్కువ బాధగా తోచింది. రెండో అంతస్తు దాటేదాకా ఆ ఆలోచనే. ఆ తరువాతే అసలు సంగతి తట్టింది. ఆ కమాండు ఈ ఒక్క బిల్డింగుకు వేసింది కాదు.

ఆఫీసుకు వచ్చి కూర్చుని డేటాబేసును వేరేరకంగా అడిగింది. జంట లిఫ్టుల బిల్డింగుల్లో, ఒక లిఫ్టు బ్రేకు మీద ఫిర్యాదు వచ్చి, బ్రేకు మార్చి, ఫిర్యాదు మూసేసినవి ఎన్ని? ఈ బిల్డింగు కాక ఇంకో నాలుగు వచ్చాయి. ఒకటి కంటి ఆసుపత్రి. నాలుగింటిలోనూ మెట్లు ఇలాగే లిఫ్టుల వెనక ఉన్నాయి. చిట్టి వాటి చిరునామాలు, లిఫ్టు నంబర్లు, ఫిర్యాదులు ఫోన్లోకి ఎక్కించుకుని మేనేజర్ గదిలోకి వెళ్ళి, జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తను కలిపిన జతే తప్పని కూడా చెప్పింది.

మేనేజర్ తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. "ఎవరెవరికి తెలుసు?"

"నాకు. ఇప్పుడు మీకు."

"మీ బావకు?"

"చెప్పలేదు."

"మంచిది. ఫైలు తయారైపోయింది. ఆఫీసర్ వచ్చి వెళ్ళాక నిదానంగా సరిచేసుకుందాం."

"ఈలోగా ఆ నాలుగుచోట్లా లిఫ్టులు తిరుగుతుంటాయి సార్."

"తిరగడానికే పెట్టాం వాటిని." ఆయన గొంతు పెంచలేదు. "చూడమ్మా, నిన్న నువ్వే కాగితాలు తెచ్చిచ్చావు. ఈరోజు నువ్వే తప్పంటున్నావు. రాత్రి మీ అక్క ఏడ్చిందని, బావను కాపాడుకోవడానికి మాట మార్చావని అంటారు. నేను కూడా అదే అంటాను. వెళ్ళి రెండురోజులు సెలవు తీసుకో."

సీటు దగ్గరికి వచ్చేసరికి ఆమె పాస్‌వర్డ్ పనిచేయడం మానేసింది. పక్క సీటావిడ తన స్క్రీనులోకి మరీ శ్రద్ధగా చూసుకుంటోంది. చిట్టి డబ్బా తీసుకుని బయటికి వచ్చింది. డబ్బా మూత కూడా తీయలేదు ఆ రోజు.

బావ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పానాల సంచి పక్కనే ఉంది. అక్క గుమ్మంలో నిలబడి బియ్యం ఏరుతోంది. చిట్టి మెట్లెక్కి తన గదికి పోలేదు. ఆయనకు ఎదురుగా నిలబడింది.

"మీరు రాసింది అరవై రెండుకే. నేను గుమ్మం లెక్కన తీసుకుని పక్కదానికి కలిపాను. తప్పు నాది. ఇంకో నాలుగు బిల్డింగుల్లో కూడా ఇలాగే కలిపాను. మేనేజర్‌కు చెబితే నోరు మూసుకోమన్నాడు, నా పాస్‌వర్డ్ తీసేశాడు."

అక్క చేతులు ఆగిపోయాయి. బావ చిట్టి ముఖంలోకి చూశాడు. ఆమె ఎదురుచూసిన తృప్తి ఆ ముఖంలో కనిపించింది. కానీ ఎంతోసేపు నిలవలేదు.

"నాలుగింటికీ బ్రేకులు మార్చేశారా?"

"మార్చారు. తప్పుడువాటికి."

"వాటి తనిఖీ ఎవరిది?"

"రెండు మీవే."

బావ కళ్ళు దించుకున్నాడు. "నిన్న నువ్వడిగావు చూడు, మూత తెరిచారా అని. తెరవలేదు. మార్చామని ఫోన్లో వచ్చింది కదా, ఇంకేం చూస్తాంలే అని పెట్టేశాను సంతకం. నీ స్క్రీనును నమ్మాను నేను. నా జన్మలో ఒక్కసారి నమ్మాను."

"నమ్మమని నేను చెప్పానా?"

"ఇద్దరూ ఇక్కడే కూర్చుని తన్నుకుంటారా?" అంది అక్క. బావ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

మొదట కంటి ఆసుపత్రికి వెళ్ళారు. వాచ్‌మన్ బావను చూసి నమస్కారం పెట్టి తాళం ఇచ్చాడు. మెషీన్ రూమ్‌లో బావ ఎడమవైపు స్విచ్చు కట్టేశాడు. కింద ఎవరో తలుపు బాదుతున్న చప్పుడు. కళ్ళకు కట్టుతో ఉన్న ముసలాయనను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాలని ఆయా ఒకామె పైకి కేకేసి, లిఫ్టులు ఆపేవాళ్ళ వంశాన్నంతా తిట్టిపోసింది. చిట్టి కిందికి దిగి, రెండోదాంట్లో వెళ్ళమని చెప్పి, తిట్లన్నీ నిలబడి తిని మళ్ళీ పైకి ఎక్కింది.

ఈలోగా బావ మూత విప్పాడు. రేకుమీది నంబరు చిట్టి తుడిచి చదివి, ఫోన్లో ఉన్నదానితో పోల్చుకుంది. ఫోన్లో కొత్త బ్రేకు వేసినట్టున్నది అవతలిదానికి. దీనిమీద ఫిర్యాదే లేదు. బావ టార్చి పట్టుకుని పక్కకు జరిగాడు. బ్రేకు పట్టీ ఉండాల్సినచోట గోరంత మందం కూడా మిగల్లేదు. ఒకవైపు ఇనుము ఇనుమును గీరుకుని నల్లటి చారలు పడ్డాయి.

"చూశావా?"

"చూశాను."

"నేనూ ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు బావ. "అదీ సంగతి."

తలుపు పక్కన మేకుకు తనిఖీ కార్డు వేలాడుతోంది. చివరి వరసలో తేదీ, ఎడమ బాగుంది, కుడి బాగుంది, కింద బావ సంతకం. చిట్టి కార్డు దించి, గోడకు ఆనించి, ఆ వరస కింద మెషీను నంబరు వేసి రాసింది. ఈ లిఫ్టు ఫిర్యాదును పక్క లిఫ్టుకు కలిపింది నేను. బ్రేకు మార్చలేదు. ఎక్కవద్దు. తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది.

"మేనేజర్ నీ ఉద్యోగం తీసేస్తాడు" అన్నాడు బావ. "నేనిప్పించిన ఉద్యోగం."

"ఇక ఆ మాట అనడానికి మీకేం మిగలదు. అదొక్కటే నాకు సంతోషం."

బావ చెయ్యి చాపాడు. కార్డు కోసమనుకుంది. పెన్ను కోసం. ఆమె సంతకం కింద గ్రీజు వేళ్ళతో, పెద్ద పెద్ద అక్షరాలతో, పిల్లాడు కాపీ రాసుకున్నంత నిదానంగా రాశాడు. మూత తెరిచి చూడకుండా బాగుందని రాసింది నేను. సంతకం పెట్టాడు. వేలిముద్ర కూడా పడింది, పెట్టకుండానే. ఇక ఆయన లైసెన్సును ఎవరి స్క్రీనూ కాపాడలేదు. తన చేత్తోనే తీసేసుకున్నాడు.

చిట్టి కార్డును ఫొటో తీసి, ఫైలు పని కోసం ఫోన్లో ఉంచుకున్న ఆఫీసర్ నంబరుకు పంపింది. కార్డును మళ్ళీ మేకుకు తగిలించింది. దానికి పాస్‌వర్డ్ లేదు. మేనేజర్ మెట్లెక్కి వచ్చి చింపుకుంటే తప్ప అది అక్కడే ఉంటుంది.

"తరవాతది ఎక్కడ?" అన్నాడు బావ, సంచి ఎత్తుకుంటూ.

"మార్కెట్ వెనక. ఎడమ మెషీను."

"నంబరు చెప్పు" అన్నాడు బావ. "ఎడమా కుడీ నా దగ్గర అనకు."

చిట్టి నంబరు చెప్పింది. ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు.